నాలుగు ఎంబీల వంతెన

ఆఫీసులో అతన్ని అందరూ ఇస్త్రీ అని పిలిచేవారు. ఎంత గజిబిజి రిపోర్టయినా అతని చేతిలో పడితే మడత నలగని చొక్కాలా బయటికి వచ్చేది. వంతెనల తనిఖీ విభాగంలో ఇంజినీర్లు తెచ్చిన ఫొటోలనూ కొలతలనూ స్లయిడ్లుగా పేర్చడమే అతని ఉద్యోగం.

ఆ వారం తనిఖీ మేడమ్ నది మీది పాత వంతెన ఫొటోలు తెచ్చింది. ఆవిడ రిటైరవడానికి అయిదు నెలలే ఉన్నాయి. ఆ వయసులోనూ నడుముకు తాడు కట్టుకుని కిందికి దిగి, దూలాల అడుగున నలభై ఆరు ఫొటోలు తీసింది. వాటిలో పన్నెండు ఒకే పగులువి. వెంట్రుకంత సన్నటి పగులు. పక్కన స్కేలు పెట్టి, పగులు ఆగిన చోట సుద్దతో గీత గీసి మరీ తీసింది. అన్నీ కంప్యూటర్లోకి ఎక్కాయని అతను చెప్పాక, కెమెరా కార్డు ఖాళీ చేసుకుని ఇంకో వంతెనకు వెళ్లిపోయింది.

స్లయిడ్లు పేర్చేసరికి ఫైలు రెండు వందల ఎంబీలయింది. పెద్ద ఇంజినీరుగారి ఆఫీసు మెయిలు పది ఎంబీలు దాటితే తీసుకోదు. అతను ఫొటోలన్నీ ఒకేసారి ఎంచుకుని, అన్నిటికంటే తక్కువ నాణ్యత మీద నొక్కాడు. ఫైలు నాలుగు ఎంబీలకు దిగింది. పది అడిగితే నాలుగు చేశానని లోలోపల పొంగిపోయాడు. ఆ ఊపులోనే, చోటు లేదని రోజూ గోలపెట్టే కంప్యూటరును శాంతింపజేద్దామని, అసలు ఫొటోల ఫోల్డరును కూడా అలాగే కుదించేశాడు. పెద్దవాటి స్థానంలో చిన్నవి వచ్చి కూర్చున్నాయి. ఒక్కటైనా తెరిచి చూడలేదు. చిన్న చిన్న గడుల్లో అన్నీ బాగానే కనిపించాయి మరి.

సమావేశం పొద్దున పదకొండింటికి. గోడంత తెర. స్లయిడ్లు తిప్పడానికి అతను మూలన లాప్‌టాప్ దగ్గర కూర్చున్నాడు. పగులు స్లయిడు వచ్చింది. తెర మీద కాంక్రీటు తడిగుడ్డతో తుడిచినట్టుంది. స్కేలు మీది అంకెలు చీమల బారులా ఉన్నాయి. పగులు లేదు.

"ఏదమ్మా పగులు? నాకేదో మరకలా కనిపిస్తోంది," అన్నాడు పెద్ద ఇంజినీరు.

ఆవిడ లేచి తెర దగ్గరికి వెళ్లింది. ఇక్కడేనండీ అంటూ వేలు పెట్టి చూపబోయి, ఆ వేలు ఎక్కడ ఆపాలో తెలియక నిలబడిపోయింది. కళ్లద్దాలు తీసి చీర కొంగుతో తుడుచుకుని మళ్లీ చూసింది. తరవాతి స్లయిడు వేయమంది. అదీ అంతే. పన్నెండూ అంతే.

మేడమ్‌గారు అద్దాలు మార్చే వేళయినట్టుందని ఎవరో అన్నారు. నలుగురూ నవ్వారు. అతను కూడా నవ్వాడు. నోరు దానంతటదే నవ్వింది. ఆ తరవాత ఎన్ని రోజులు తలుచుకున్నా, మాట్లాడకపోవడం కన్నా ఆ నవ్వే అతన్ని ఎక్కువ కోసింది.

ఆరు నెలల తరవాత మళ్లీ చూద్దామని తీర్మానించారు. వంతెన మీద లారీలు యథాప్రకారం తిరుగుతాయి.

బయట వరండాలో ఆవిడ అతన్ని ఆపింది. "బాబూ, నువ్వు ఆ ఫొటోలన్నీ చూశావు కదా. నీకు కనిపించిందా?"

"సరిగా గమనించలేదు మేడమ్," అన్నాడు. అది అబద్ధం కాదు. అందుకే ఇంకా సిగ్గనిపించింది.

వారం తిరక్కుండా ఆవిడ కొత్త అద్దాలతో వచ్చింది. నంబరేమీ మారలేదట, అయినా ఎందుకైనా మంచిదని మార్పించుకుందట. ఆ మర్నాడు, అప్పటికే ఇచ్చేసిన మరో రెండు రిపోర్టులు వెనక్కి తెప్పించుకుంది. తన కళ్ల మీద తనకు నమ్మకం లేదనీ, ఇంకెవరైనా సరిచూడాలనీ పక్క బల్ల గుమాస్తాతో చెబుతుంటే అతను విన్నాడు. తల ఎత్తలేకపోయాడు.

ఆ సాయంత్రం అన్నం డబ్బా తెరవకుండానే ఇంటికి తెచ్చాడు. మందుల షాపులో పనిచేసే అతని భార్య అది చూసి నిలదీసింది. అంతా చెప్పాడు. ఉద్యోగం మీదికొస్తుందేమో, పరువు పోతుందేమో అని సణిగాడు.

"ఆవిడ కళ్లు బాగానే ఉన్నాయని ఆవిడకి చెప్పడానికి మీకు ఇన్ని రోజులా?" అంది భార్య.

మర్నాడు పొద్దున్నే తనిఖీ మేడమ్ బల్ల ముందు నిలబడి, తడబడుతూ, నాలుగు ఎంబీల సంగతీ ఫోల్డరు సంగతీ చెప్పాడు. తను నవ్విన సంగతి కూడా చెప్పాడు. ఆవిడ కొత్త అద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"ఫొటోలదేముంది, మళ్లీ తీసుకుంటాను. వారం రోజులుగా నా చూపును నేనే నమ్మలేదు బాబూ. అది నీకు తెలుసు. తెలిసీ ఊరుకున్నావు." గొంతు పెంచలేదు. పద, ఇదంతా పెద్దాయన దగ్గర నీ నోటితోనే చెబుదువు గాని అంటూ లేచింది.

చెప్పాడు. అదే గదిలో, అప్పుడు నవ్విన వాళ్లలో ఇద్దరి ముందు. పెద్ద ఇంజినీరు మెమో ఇస్తానన్నాడు, ఇచ్చాడు కూడా. ముందు మాత్రం వంతెన దగ్గరికి వెళ్లిరమ్మన్నాడు.

ఈసారి తాళ్లు అతనే మోశాడు. తాడు కట్టుకుని ఆవిడ వెనకాలే దిగి, దూలం కింద మెడ వంచి చూశాడు. పగులు అక్కడే ఉంది. కంటికి స్పష్టంగా కనిపిస్తోంది. ఆవిడ గీసిన సుద్దగీతను దాటి రెండు వేళ్ల మేర ముందుకు పాకింది. ఆవిడ స్కేలు పెట్టి మళ్లీ పన్నెండు ఫొటోలు తీసింది. పైన ఒక లారీ వెళ్తే దూలం అదురు అతని చెంపకు తెలిసింది. సాయంత్రానికి ఆ దారిలో లారీలు ఆపించారు. నెలలో మరమ్మతు మొదలైంది.

కొత్త స్లయిడ్లూ అతనే చేశాడు. పగులు ఫొటోలు పన్నెండింటిలో కావలసినంత మేరే కత్తిరించి వాటిని కుదించకుండా ఉంచాడు. మిగతావి మాత్రం తగ్గించాడు. ఫైలు తొమ్మిదిన్నర ఎంబీలకు వచ్చింది. తీసుకెళ్లి చూపిస్తే, ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కుని ఒక్కో ఫొటో తెరిచి, పెద్దది చేసి, మూలమూలా చూడసాగింది. గంట పట్టింది. అతను వెనక నిలబడే ఉన్నాడు. కూర్చోమని ఆవిడ అనలేదు. పదకొండేళ్లుగా అతను ఏది చేసి ఇచ్చినా ఆవిడ తెరిచి చూడకుండానే సంతకం పెట్టేది.