తుగ్యానీ ఇంటికి తుఫాను కోడలు

హైదరాబాదు పాతబస్తీ జహనుమాలో మా వాడ నల్లా దగ్గర, అంటే వీధి కుళాయి దగ్గర, నన్ను కళావతి అని పిలిచినవాళ్ళు లేరు. తుఫాను కోడలు అనేవాళ్ళు. ఆ పేరు పెట్టింది మా అత్త రాజమణి. పెట్టడానికి కారణం మాత్రం నా నోరే.

నాది బందరు. మావైపు పెద్దవాళ్ళు వయసును సంవత్సరాలతో చెప్పరు, తుఫానులతో చెబుతారు. "ఆ గాలివానకి నేను చంకలో పిల్లని", "ఈ గాలివానకి నాకు పెళ్ళయింది" అంటారు. మా అమ్మమ్మకైతే బంగాళాఖాతంలో లేచిన పెద్ద తుఫానులన్నీ రాజుల వరసలా నోటికొచ్చు. ఏది గాలిలో గొప్పది, ఏది నీటిలో గొప్పది, దేనికి ఏ పీట వెయ్యాలి, అన్నీ ఆవిడే తేల్చేది. అన్నిటికన్నా పై పీట వెనకటి శతాబ్దంలో బందరును ముంచిన పెద్ద ఉప్పెనది. ఆవిడ తల్లి దాంట్లో తాడిచెట్టు పట్టుకుని బతికిందట. ఆ తరవాతి పీట నలభై తొమ్మిదిలో వచ్చినదానిది. దాన్ని నేనే కళ్ళారా చూశాను. పుట్టింటినుంచి నేను నగలు తెచ్చుకోలేదు. తెచ్చుకున్నది ఆ తుఫానే. దాన్ని ఎవరైనా తక్కువ చేస్తే నాకు ఒళ్ళు మండేది.

పాస్టరుగారు కుదిర్చిన సంబంధం మాది. మా ఆయన ప్రకాశం తంతి ఆఫీసులో లైన్‌మాన్. కాపరానికి వచ్చిన వారంలోనే నల్లా దగ్గర పక్కింటి కొమురమ్మ, "సముద్రం జూసినవా పిల్లా?" అని అడిగింది. ఇక చెప్పాలా? బిందె నిండి పొర్లిపోతున్నా నా తుఫాను ఆగలేదు. కొబ్బరిచెట్లు మెలితిరిగిపోవడం, ఇళ్ళ కప్పులు ఎగిరిపోవడం, పడవ వచ్చి పొలంలో పడటం, అన్నీ చెప్పాను. ఆడవాళ్ళందరూ నోరు తెరుచుకుని విన్నారు. ఒక్క మా అత్త మాత్రం మూతి ముడిచింది.

ఎందుకంటే అప్పటిదాకా ఆ నల్లా దగ్గర కథ చెప్పే హక్కు ఆవిడది. ఆవిడ కథ తుగ్యానీ. మూసీ పొంగి సగం శహరును ఊడ్చుకుపోయిన వరదను పాతబస్తీలో ఆ పేరుతోనే చెప్పుకుంటారు. అది వచ్చి యాభై ఏళ్ళు కావస్తోంది. అప్పుడు మా అత్తకు ఏడేళ్ళు. ఎవరిదో మిద్దె మీద నిలబడి కింద ఏనుగులు, పెట్టెలు, పందిళ్ళు కొట్టుకుపోవడం చూసిందట. ఏనుగుల సంగతి నేను నమ్మలేదు. నమ్మలేదని పైకి అనడమే నేను చేసిన పొరపాటు.

"గాలి ఏం జేస్తదే? ఇస్తరాకులు లేపుతది. ఏమన్న జేస్తే నీళ్ళే జెయ్యాలె" అంది ఆవిడ.

"మీ మూసీని ఎండాకాలం మేకలు దాటుతాయి అత్తమ్మా. మా సముద్రాన్ని దాటమనండి చూద్దాం" అన్నాను.

నల్లా దగ్గర అందరూ గొల్లున నవ్వారు. ఆ మధ్యాహ్నం నా చారులో ఉప్పు లేదు. అడిగితే, "సముద్రం పిల్లవు గదా, నీ ఒంట్లనే ఉంటది ఉప్పు" అంది. అప్పటినుంచి మా ఇద్దరికీ రోజూ ఇదే లొల్లి. ఒకరి మీద ఒకరికి ద్వేషమేమీ లేదు. జ్వరం వస్తే నాకు గంజి కాచి పోసింది ఆవిడే. కానీ ఏది పెద్దది అనే దగ్గర మాత్రం ఇద్దరం తగ్గేవాళ్ళం కాదు. మా ఆయన మధ్యలో కూర్చుని నవ్వుతూ తినేసి పోయేవాడు.

ఆంధ్ర, తెలంగాణ కలిసి ఒక రాష్ట్రమైన మరుసటేడు, వానాకాలం ముగుస్తున్నప్పుడు, బందరు వైపు సముద్రం పొడుగునా పాతబడిన తంతి స్తంభాలు మార్చాలని ఇక్కడినుంచి ఒక జట్టును పంపించారు. మల్లన్న మేస్త్రీ జట్టు అది. అందరూ రాతినేలలో గుంతలు తవ్వి పెరిగినవాళ్ళు. సముద్రాన్ని బొమ్మలో తప్ప చూడలేదు. అందులో మా ఆయన ఒకడు. పండక్కి వెళ్తున్నట్టు ఈల వేసుకుంటూ గుడ్డలు సర్దుకున్నాడు. నాకు మాత్రం భయమేసింది. మావైపు తుఫానులకు అదే అదను.

బయలుదేరే రోజు అన్నం వడ్డిస్తూ చెప్పాను. "గాలివాన మొదలైతే ఇంట్లో ఉండండి. అది మధ్యలో ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఆకు కదలదు. ఎండ కూడా వస్తుంది. అప్పుడు తుఫాను పోయిందనుకుని బయటికి రావద్దు. సగమే అయింది. రెండో సగం ఎదురు దిక్కునుంచి వస్తుంది, ఇంకా గట్టిగా. నలభై తొమ్మిదిలో గాలి ఆగగానే మా నాన్న గేదెను చూసొస్తానన్నాడు. మా అమ్మమ్మ గుమ్మానికి అడ్డంగా కూర్చుని, నన్ను తొక్కి వెళ్ళు అంది. నాన్న తిట్టుకుంటూ ఆగిపోయాడు. పక్కింటాయన వెళ్ళాడు. మళ్ళీ రాలేదు."

"దాని మాట ఇనకు" అంది మా అత్త. "ఇంట్ల కూసుంటే నీళ్ళల్ల సస్తవ్. నీళ్ళొస్తే పైకెక్కు. ఎక్కినంక మల్ల దిగకు. బంగారం కోసం దిగకు. నీ పెండ్లాం కోసం దిగకు. నా కోసం గూడ దిగకు."

అంతటితో ఊరుకుంటుంది అనుకున్నాను. ఊరుకోలేదు. "మా బాపు నన్ను మిద్దె మీద కూసోవెట్టిండు. కింద ఉండిపోయిన ముసలమ్మను తెస్త అని మల్ల దిగిండు, ఇగ రాలే" అంది.

తుగ్యానీ కథ అన్నిసార్లు విన్నాను గానీ ఆ ముక్క ఎప్పుడూ వినలేదు. నల్లా దగ్గర ఏనుగుల్ని చెప్పింది, పందిళ్ళను చెప్పింది, తండ్రిని చెప్పలేదు. ఏనుగుల్ని నమ్మనందుకు సిగ్గేసింది.

మా ఆయనే మాట కలిపాడు. "ఒకరు బయటికి రావొద్దంటరు, ఒకరు పైకెక్కుమంటరు. ఇంతకు నన్నేం జెయ్యమంటరు?"

"నా మాట వినండి" అన్నాను. "నా మాట ఇను" అంది ఆవిడ. ఒకేసారి అన్నాం.

వెళ్ళినవాడు అక్కడ దిగినట్టు ఒక కార్డు రాశాడు. ఆ తరవాత ఒక పొద్దున కొమురమ్మ కొడుకు ఫలక్‌నుమా దగ్గరి ఇరానీ హోటలు రేడియోలో వార్త విని వచ్చాడు. బందరు దగ్గర పెద్ద తుఫాను తీరం దాటిందట, తంతులన్నీ తెగిపోయాయట. ఆ తంతుల మీదే కబురు రావాలి. ఆ తంతులు వేసే మనిషే మా ఇంటివాడు. ఇంకెవరిని అడగాలి?

ఆ రోజులు ఎలా గడిచాయో నాకే తెలుసు. నల్లా దగ్గర తుఫాను పేరు ఎత్తలేదు, తుగ్యానీ పేరు ఎత్తలేదు. కొమురమ్మ ఏదో అడగబోయి మా మొహాలు చూసి మానేసింది. నా బిందె కూడా మా అత్తే పట్టింది. ఇంట్లో మా ఇద్దరి భయం ఒక్కటే, కానీ తిరగేసి ఉంది. నా మాట విని ఇంట్లో కూర్చుంటే నీళ్ళు వచ్చాయేమోనని నా భయం. తన మాట విని ఎత్తు ఎక్కితే గాలి విసిరేసిందేమోనని ఆవిడ భయం.

"నీ మాటే ఇన్నడేమో తీ, ఫికర్ జెయ్యకు" అంది ఒకసారి నా తల నిమిరి.

"మీ మాటే విని ఉంటాడు అత్తమ్మా" అన్నాను. ఎదుటివాళ్ళ మాటే నిజం కావాలని ఇద్దరం ప్రార్థన చేసుకున్నాం. అన్నాళ్ళూ గెలవాలని కొట్లాడినవాళ్ళం, ఇప్పుడు ఓడిపోతే చాలు దేవుడా అనుకున్నాం.

ఒక మధ్యాహ్నం నల్లాకు నీళ్ళు వచ్చే వేళ మా ఆయన సందు మలుపులో కనిపించాడు. ఒంటిమీద ఎవరిదో చొక్కా, పెదవులు పగిలి ఉన్నాయి. వెనక మల్లన్న మేస్త్రీ. మా అత్త బిందె వదిలేసింది. అది దొర్లుకుంటూ పోయి కొమురమ్మ కాళ్ళకు తగిలింది. ఎవరూ తియ్యలేదు.

కాళ్ళు కూడా కడుక్కోనివ్వకుండా వాడంతా చుట్టూ చేరింది. చెప్పింది మల్లన్న మేస్త్రీయే.

"సముద్రం ఒడ్డున తాటాకుల కొట్టంల ఉన్నం. గాలి మొదలైంది. కొట్టం కప్పు మొత్తం లేసిపోయింది. గోడ కింద నక్కి కూసున్నం. ఉన్నట్టుండి ఆగింది. ఎండ గూడ గొట్టింది. నేనన్న, ఖతమైంది, గింతేనా మీ తుఫాను, మా శహర్ల పతంగులెగరేసే గాలి! పొండ్రి, తెగిన తంతి బెజవాడోళ్ళు ముట్టకముందే మనం కలపాలె, హైద్రాబాదోళ్ళ ఇజ్జత్ నిలవాలె అని నేనే స్తంభం ఎక్కవోయిన. వీడు నా కాలు పట్టుకుండు. ఇది సగమే అన్నా, అన్నడు. నీ పెండ్లాం జెప్పిందా అని నవ్విన."

"నువ్వేమన్నవ్‌రా?" అంది మా అత్త.

"ఔ, నా పెండ్లామే జెప్పింది అన్న" అన్నాడు మా ఆయన. అంతమందిలో నావైపు చూసి మరీ అన్నాడు. నా వీపు దానంతట అదే నిటారుగా అయింది.

ఆ తరవాత సంగతి తనే చెప్పాడు. నా మాట ప్రకారం లోపల కూర్చుందామంటే కొట్టానికి కప్పు లేదు. పైగా పక్క కాలవలో నీళ్ళు సముద్రం వైపు పోవడం మాని వెనక్కి, ఊరి వైపు నడుస్తున్నాయట. అది చూడగానే వాళ్ళమ్మ మాట గుర్తొచ్చిందట. గాలి ఇచ్చిన ఈ కాస్త తెరిపి స్తంభం ఎక్కడానికి కాదు, మిద్దె ఎక్కడానికి అనిపించిందట. కాస్త దూరంలో ఇటికలతో కట్టిన ధాన్యం మిల్లు ఉంది. జట్టునంతా దాని మేడ మీదికి పరుగెత్తించాడు.

"అందరం ఎక్కినం" అన్నాడు మల్లన్న మేస్త్రీ. "నాకేమో రాగితీగ చుట్ట యాదికొచ్చింది. సర్కారు మాల్, పోతే నా నౌకరి పోతది, తెస్త అని మల్ల దిగవోయిన. వీడు మెట్లకు అడ్డం కూసుండు. నన్ను తొక్కి పో అన్నడు. మా తాత గిట్లనే దిగిండు, నేను దిగనియ్య అన్నడు. తిట్టిన, కొట్టిన గూడ. కదలలే. అంతట్ల ఎదురు దిక్కెల్లి గాలి లేసింది, దానెంబడే సముద్రం వచ్చింది. మెట్లు సగం మునిగినయి. కొట్టం లేదు, తీగ లేదు, స్తంభాలు లేవు. మా పానాలున్నయి. ఒక్కడు తక్కువ లేకుండ అందరం ఇంటికొచ్చినం."

మా అత్త కొడుకు మొహం రెండు చేతుల్లోకి తీసుకుంది. "మా బాపు దిగిండని యాభై ఏండ్లు ఏడ్చిన. ఇయ్యాల నా కొడుకు ఒకన్ని దిగనియ్యలే" అంది. ఏడుస్తూనే అంది గానీ అంత గర్వంగా ఆవిడ తుగ్యానీ కథ చెప్పినప్పుడు కూడా లేదు. ఆ పక్కనే నేనూ ఏడ్చాను. మా అమ్మమ్మ ఆ గుమ్మంలోనుంచి లేచి అంతదూరం నడిచివచ్చి మా ఆయన మెట్టు మీద కూర్చుందని నాకు అనిపించింది.

కాసేపటికి మా ఆయన ఇంకో మాట తీశాడు. బందరులో వాతావరణం ఆఫీసువాళ్ళతో మాట్లాడితే, తుగ్యానీని తెచ్చిన వాన కూడా బంగాళాఖాతంలో లేచిన తుఫానుదే అన్నారట.

కొమురమ్మ ఊరుకుంటుందా? "ఇగ చెప్పుండ్రి అత్తాకోడండ్లు, ఏది పెద్దది? ఇయ్యాల తేలాలె" అంది.

"దీని తుఫానే పెద్దది" అంది మా అత్త వెంటనే. "గాలి ఆగుతదని ఇది చెప్పకపోతే అందరు స్తంభాల మీదనే ఉందురు."

"కాదు, మీ తుగ్యానీయే పెద్దది" అన్నాను. "మీరు పైకెక్కమనకపోతే నా మాట విని మునిగేవాళ్ళు. ఏనుగులు కూడా కొట్టుకుపోయాయి, నేను నమ్ముతున్నాను."

"మా మూసీ నీ సముద్రం బిడ్డనట గదనే. బిడ్డ కంటె తల్లి పెద్దది గాదా?"

"బిడ్డ ఊరినే ముంచింది కదా అత్తమ్మా!"

మళ్ళీ లొల్లి మొదలైంది. ఈసారి ఎవరూ గెలవాలనుకోలేదు, అందుకని అది ఇంకా తెగలేదు. కొమురమ్మ రెండు చేతులూ ఎత్తి, "మీ లొల్లితోని మా నీళ్ళు బందయితయి. మస్తు జూసినం మేము గూడ, వానలు, వరదలు. మీదే గొప్పనా?" అంది.

మా అత్త దొర్లిపోయిన బిందె తీసుకుని నా చంకలో పెట్టింది. నా భుజం మీద చెయ్యి వేసి, కొమురమ్మ వైపు తిరిగింది.

"మా ఇంట్ల మూసీ ఉన్నది, సముద్రం ఉన్నది" అంది. "మీ ఇంట్ల ఏమున్నదే?"