గౌరీసు మెడలో బిళ్ల

నేను ఒక సిపాయి మెడలో బిళ్లను. మనిషి ముఖం గుర్తుపట్టలేనంతగా చితికిపోతే వాడెవడో చెప్పడం నా ఉద్యోగం. పేరు, నంబరు, మతం నామీద గుద్ది, విజయనగరం వైపు నుంచి పటాలంలో చేరిన గౌరీసు మెడలో వేశారు. అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. నాచేత చెప్పించారు.

ఎడారిలో యుద్ధం. మా హవల్దారు ఉత్తరాదివాడు. తెలుగువాళ్ల ముఖాలన్నీ ఆయనకు ఒకేలా కనిపించేవి. అందుకని ముఖం చూడకుండా, బిళ్ల మీది నంబరు చూసి కాపలాకు పంపేవాడు. మనవాళ్లు ఊరుకుంటారా? ఒకరి వంతు ఇంకొకరు కాయాలంటే బిళ్లలు మార్చుకునేవారు.

ఒక సాయంత్రం గౌరీసుకు పేకాట వదిలి లేవబుద్ధి కాలేదు. "ఒరే ఎర్నాయుడూ, ఈపాలికి నువ్వెల్లరా" అన్నాడు. సొంత ఊరివాడు, కాదనలేదు. తన బిళ్ల వాడికిచ్చి, నన్ను మెడలో వేసుకుని వెళ్లాడు. గంట తిరక్కుండా ఫిరంగి గుండు పడింది. ఎర్నాయుడికి ముఖం మిగల్లేదు. నేను మిగిలాను. మా పటాలం వెనక్కి పరుగెత్తింది.

శత్రువులు మహా మర్యాదస్తులు. తాము చంపినవాణ్ణి శ్రద్ధగా పాతిపెట్టి, చెక్క మీద 'గౌరీసు' అని రాసి, సమాధి నంబరుతో సహా నన్ను కవరులో పెట్టి, ఏ పక్షమూ కాని దేశపు రాయబారి ద్వారా పంపించారు. మావాళ్లు కృతజ్ఞతలు తెలిపారు. ఆ ఉత్తరాలు నడిచినన్నాళ్లూ ఫిరంగులూ నడిచాయి.

తీరా చూస్తే గౌరీసు బతికే ఉన్నాడు. బిళ్ల ఎలా పోయిందని అధికారి నిలదీశాడు. కాపలా ఎగ్గొట్టానంటే జైలే. "తానం సేస్తంటే పోనాదండి" అన్నాడు. ఎర్నాయుడి బిళ్లను అప్పటికే ఇసకలో పూడ్చేశాడు. హవల్దారు కూడా ఆ దాడిలోనే పోయాడు గనక అబద్ధం నిలిచింది.

మళ్లీ రాయబారి, మళ్లీ ఉత్తరం. అక్కడ సమాధి మీద పేరు చెరిపి 'ఎవరో తెలియదు' అని రాశారు. ఇక్కడ ఎర్నాయుడిని కనిపించకుండా పోయినవాళ్ల జాబితాలో వేశారు. నన్ను గౌరీసుకు ఇచ్చేశారు.

యుద్ధం ముగిశాక ఎర్నాయుడి తల్లి పైడమ్మ మా గుమ్మంలోకి వచ్చింది.

"మావోడు ఉన్నాడో సచ్చిపోనాడో నిజం సెప్పు బావూ. పోతే పోనాడు, దినమైనా సేసుకుంటాను."

గోడ మేకుకు వేలాడుతున్న నేను సిగ్గుతో చచ్చాను. గౌరీసు చావలేదు.

"నాకు తెల్దు పిన్నీ. సర్కారోల్లకి రాద్దాం" అన్నాడు.

పైడమ్మకు చదువు రాదు. మా ఎర్నాయుడు ఎక్కడున్నాడో తెలపండి మహాప్రభో అని గౌరీసే తన చేత్తో అర్జీ రాస్తాడు. సమాచారం లేదని వచ్చే జవాబూ వాడే చదివి వినిపిస్తాడు. ఇది పదకొండో ఏడు. వెళ్లేముందు ప్రతిసారీ ఆ ముసలిది వాడి తల నిమిరి అంటుంది:

"నువ్వు కూడా నేకపోతే నాకెవులున్నారు బావూ."