ఆఖరి పడవ పిలుపు

గంగరాజు గొంతులో ఇంక ఒక్క పూట కథకి సరిపడా సత్తువ మిగిలిందో లేదో. దివిసీమలో ఈ రేవు పల్లెకి వచ్చి వారం రోజుల బుర్రకథ ఒప్పుకున్నప్పుడే గొంతు ఆఖరికొచ్చిందని అతనికి తెలుసు. అంతకుముందే బందరులో డాక్టరు నోట్లోకి లైటు వేసి చూసి, "తంబుర గోడకి తగిలించెయ్యి పెద్దాయనా" అన్నాడు. ఈ కథ అయ్యాక తగిలిద్దాం లెమ్మనుకున్నాడు గంగరాజు. కృష్ణకి ఈ ఒడ్డునా ఆ ఒడ్డునా ఇన్నేళ్లు అరిచిన గొంతు. ఆఖరి కథనైనా సరిగ్గా ముగించి లేవాలని ఉంది. అంతకుమించి కోరికేం లేదు. నిద్రపోవాలని ఉంది, అంతే.

ఇవాళే ఆఖరి రోజు. బడి వరండాలో నులక మంచం మీద పడుకుని మిరియాల నీళ్లు గుక్కా గుక్కా మింగుతున్నాడు. పక్కనే ఇస్సాకు గుమ్మెటని ఎండలో పెట్టి, చర్మం బిగిసిందా లేదా అని వేలితో కొట్టి చూసుకుంటున్నాడు. కథలో హాస్యం చెప్పే వంతగాడు ఇస్సాకే.

"బావా, ఇవాళ యుద్ధం దంచెయ్యాలి. మొదటి కేక నువ్వు వేస్తే చాలు, మిగతాది మేం లాక్కొస్తాం."

గంగరాజు చెయ్యి ఊపాడు. సరే అన్నట్టూ ఉంది, ఈగని తోలినట్టూ ఉంది.

యుద్ధమే అతని పేరు నిలబెట్టింది. గుడివాడ, ముదినేపల్లి వైపు ఏ ఊళ్లో అడిగినా గంగరాజు యుద్ధమే చెబుతారు. ప్రతి కథనీ అక్కడికే తోలుకుపోయి ముగించేవాడు. ఏనుగులు, కత్తులు, శత్రువు తల, పట్టాభిషేకం, మంగళం. జనం చప్పట్లు కొట్టి చాపలు దులుపుకుని లేచేవారు. నాలుగడుగులు వేశాక ఏదో మర్చిపోయినట్టు ఓసారి వెనక్కి చూసేవారు. ఏం మర్చిపోయారో అతనికి ఎన్నడూ అంతుపట్టలేదు. కథయ్యేసరికి ఒళ్లు హూనమై ఉండేది. అడగడానికి ఓపిక ఉండేది కాదు.

ఇంతలో సౌభాగ్యమ్మ గ్లాసు పట్టుకుని వచ్చింది. రోజూ ముందు వరసలో కూచునే ముసలామె.

"అల్లం కషాయం. వేడిగా ఉండగానే తాగు అబ్బాయ్." అక్కడే మెట్టు మీద చతికిలబడింది. "అయితే ఇవాళ ఆ పిల్లని తీసుకొస్తావుగా?"

"ఏ పిల్ల అమ్మమ్మా?" అన్నాడు ఇస్సాకు.

"ఏ పిల్లేమిట్రా? మొదటి రోజు రేవులో నిలబెట్టారుగా! అన్న చెప్పులు పట్టుకుని."

గంగరాజు మంచం మీద లేచి కూచున్నాడు.

మొదటి రోజు ఆఖరి పడవ ఆలస్యమైంది. పడవ దిగినవాళ్లు వచ్చి కూచునేదాకా కథ సాగదీయాలి. అందుకని అప్పటికప్పుడు ఓ ముక్క కల్పించాడు. కథలో విజయకేతుడనే రాకుమారుడు యుద్ధానికి వెళ్తూ, రేవు బురదలో చెప్పులు విప్పి చెల్లెలు నీలవేణి చేతికిచ్చి, "నేనొచ్చేదాకా ఇక్కడే ఉండమ్మా" అని పడవెక్కాడు. ఈలోగా జనం వచ్చి కూచున్నారు. కథ ముందుకు పోయింది. చెల్లెలు రేవులోనే ఉండిపోయింది.

"అది కథ అమ్మమ్మా. అన్న రాజైతే చెల్లెలికి మేనా రాదూ?" అన్నాడు ఇస్సాకు.

"ఎప్పుడొచ్చింది మేనా? నువ్వు చూశావా? మీరు చెప్పకుండా దానంతటదే ఎలా వస్తుంది? నిన్న మా కోడలు నాకు అన్నం వడ్డిస్తూ, ఆ పిల్ల ఏమన్నా తిందో లేదో అత్తయ్యా అంది."

ఇస్సాకు నవ్వాడు. ఆమె నవ్వలేదు.

"నవ్వకు. మా ఊళ్లో ఆఖరి పడవ ఊరికే కదలదు. పడవ నడిపే కృపానందం మూడుసార్లు కేకేస్తాడు. ఒడ్డు మీద కుక్క తప్ప ఎవరూ లేరని కళ్లకి కనపడుతున్నా సరే. వాళ్ల నాన్నా అంతే. ఆడపిల్లని రేవులో వదిలేసి మీరు మంగళం పాడుకోండి. మేం మాత్రం లేవం." ఖాళీ గ్లాసు తీసుకుని వెళ్లిపోయింది.

 గంగరాజు గొంతు తడుముకుని, "ఒకటే వస్తుంది. రెండూ రావు" అన్నాడు.

ఇస్సాకుకి అర్థమైంది. ఆ గొంతుతో యుద్ధమైనా చెప్పగలడు, చెల్లెలి సంగతైనా చెప్పగలడు.

"యుద్ధం లేకపోతే కొడతారు బావా!"

"నువ్వు చెప్పు యుద్ధం."

"నేనా? నేను ఏనుగంటేనే నవ్వుతారు."

"నవ్వనీ."

ఆ సాయంత్రం పొద్దు గుంకకముందే కథ మొదలుపెట్టారు. యుద్ధం దగ్గరికొచ్చేసరికి గంగరాజు తంబుర దించి పక్కకి జరిగాడు. ఇస్సాకు ముందుకొచ్చాడు.

"అటువాళ్లు ఇటొచ్చారు, ఇటువాళ్లు అటెళ్లారు. ఏనుగులకి దాహమేసింది. సాయంత్రానికి మనవాళ్లు గెలిచారు!"

జనం నవ్వారు. వెనకనుంచి ఒకాయన లేచి, "ఇదేం యుద్ధమండీ? గంగరాజు గారి యుద్ధం వినడానికి ముదినేపల్లి నుంచి వచ్చాను" అని అరిచాడు.

"కూచోవయ్యా, ఏనుగులు అడ్డమొస్తాయి" అన్నాడు ఇస్సాకు. మళ్లీ నవ్వులు.

అప్పుడు గంగరాజు ముందుకొచ్చాడు. పాడలేదు, చెప్పాడు. గొంతు ఎంత తగ్గిందంటే జనం చాపలు లాక్కుంటూ దగ్గరికి జరిగారు. విజయకేతుడు సింహాసనం మీద కూచున్నాడు. కాళ్ల కింద రాయి చల్లగా తగిలింది. ఏమిటా అని పాదాల వంక చూసుకున్నాడు. చెప్పుల్లేవు. అవి ఎవరికిచ్చాడో అప్పుడు గుర్తొచ్చింది. కిరీటం పీట మీద పెట్టి రేవుకి పరిగెత్తాడు.

ముందు వరసలో సౌభాగ్యమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆఖరి పడవ అవతలి ఒడ్డుకి చేరింది. చీకటి పడుతోంది. మనిషి ఆనవాలు లేదు. అన్న పడవలో లేచి నిలబడ్డాడు. పిలవాలి.

గంగరాజు నోరు తెరిచాడు. గొంతు రాలేదు. మళ్లీ తెరిచాడు. గాలి తప్ప ఏమీ లేదు. ఇస్సాకు సాయం రాబోయి ఎందుకో ఆగాడు.

వెనక వరసల్లోంచి, పడవ కట్టేసి కథకొచ్చిన కృపానందం లేచాడు. ఆలోచించి లేచినట్టు లేదు. రోజూ ఆ వేళకి పడవలో లేచి కేకేసే మనిషి.

"రేవులో ఎవరన్నా ఉన్నారా...?"

ఎవరూ కదల్లేదు.

"రేవులో ఎవరన్నా ఉన్నారా...?"

చంటిపిల్లలు కూడా ఏడవలేదు. మూడో కేక ఇంకా గొంతులో ఉండగానే సౌభాగ్యమ్మ ఉలిక్కిపడ్డట్టు లేచింది.

"ఉన్నా, ఉన్నా! ఆగరా నాయనా!"

జనం గొల్లున నవ్వారు. నవ్వుతూనే కొందరు కళ్లు తుడుచుకున్నారు. గంగరాజు వేలి అందెలు ఒక్కసారి గల్లుమనిపించాడు. అంతే. మంగళం ఇస్సాకు పాడాడు. ఊరు చాపలు చుట్టుకుని మాట్లాడుకుంటూ వెళ్లింది. గంగరాజు నిలబడి చూశాడు. ఒక్కరూ వెనక్కి తిరగలేదు. ముదినేపల్లి ఆయన కూడా.

మర్నాడు పొద్దున్నే రేవుకి వచ్చారు. గంగరాజు తంబురని తుండుగుడ్డలో చుట్టి చంకన పెట్టుకున్నాడు. పడవెక్కబోతుంటే సౌభాగ్యమ్మ ఆయాసపడుతూ వచ్చింది.

"అంతా బాగుంది గానీ, ఆ చెప్పులు ఇంతకీ తొడుక్కున్నాడా లేదా? అది చెప్పనే లేదు!"

ఇస్సాకు తల పట్టుకున్నాడు. "అమ్మమ్మా, నీకో దణ్ణం."

గంగరాజు గొంతు రాత్రే పోయింది. మాట రాదు. తన పాదాల వంక చూపించాడు. చీలమండల దాకా బురద. చెప్పులు చేతిలో ఉన్నాయి.

ఆమె చూసింది. "అవున్లే, బురదలో ఎలా తొడుక్కుంటాడు" అంది. నిదానంగా వెనక్కి తిరిగింది.

పడవ కదిలింది. గంగరాజు చెక్కకి ఒరిగి తంబుర ఒళ్లో పెట్టుకున్నాడు. ఏరు సగం దాటకముందే నిద్రపోయాడు.