బిగించినవాళ్ళే ముందు కూర్చోవాలి

నేను ఒక కుర్చీని. అలాగని ఏ ఆఫీసులోనో ఫ్యాను కింద కునికే రకాన్ని కాను. నాకు కాళ్ళు లేవు. నెత్తిమీద ఒక ఉక్కు చెయ్యి, దాని చివర ఒక పిడికిలి ఉన్నాయి. ఆ పిడికిలితో తాడు పట్టుకుని మంచుకొండ మీద గాలిలో తిరగడమే నా ఉద్యోగం. నా మీద ఇద్దరు కూర్చోవచ్చు. ముగ్గురం సర్దుకుంటామని బతిమాలినవాళ్ళూ లేకపోలేదు.

ఏదో కార్ఖానాలో ఇనపగొట్టాలు వంచి, అతికి, పసుపురంగు పూసి నన్ను తయారుచేశారు. నాలాంటివాళ్ళతో కలిపి లారీ ఎక్కించి, హిమాలయాల్లో ఒక కొండ దగ్గర దింపారు. అక్కడి ఏర్పాటు చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. కింద ఒక పెద్ద చక్రం, పైన ఒక పెద్ద చక్రం, ఆ రెంటినీ చుట్టి మొదలూ చివరా లేని ఉక్కుతాడు. మోటారు కింది చక్రాన్ని తిప్పుతుంది. తాడు వదులు కాకుండా గోతిలో వేలాడే కాంక్రీటు దిమ్మ ఒకటి దాన్ని లాగిపట్టి ఉంచుతుంది. దారి పొడవునా స్తంభాలు, వాటి మీద చిన్న చక్రాలు, ఆ చక్రాల మీదుగా తాడు సాగిపోతుంటుంది. మేము తాడు పట్టుకుని ఒకవైపు ఎక్కుతాం, రెండోవైపు దిగుతాం. కాళ్ళకు స్కీ పలకలు తగిలించుకున్న జనం మా మీద దర్జాగా పైకి వచ్చి, వెంటనే మంచులో జారుకుంటూ కిందికి పోయి, మళ్ళీ వరసలో నిలబడతారు. కిందికే పోయేవాళ్ళు అసలు పైకి ఎందుకొస్తారో నాకు ఇప్పటికీ బోధపడలేదు.

మా మంచిచెడ్డలు చూసే మెకానిక్కు దాలినాయుడు. చోడవరం మనిషి. అంతకుముందు సున్నపురాయి గనిలో రాళ్ళ తొట్లు మోసే తాడు దగ్గర పనిచేశాడు. ఎక్కడైనా తాడు తాడే కదా అని ఇక్కడికి వచ్చాడు. తొట్లలో రాళ్ళు అరవవు, కుర్చీల్లో మనుషులు అరుస్తారు, తేడా అంతే అనేవాడు.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. తాడును ఎప్పుడూ ఒకే చోట పట్టుకుంటే ఆ చోటు నలిగిపోతుంది. అందుకని ఏటా మంచుకాలానికి ముందు ఒక్కో కుర్చీ పిడికిలి వదులుచేసి, కాస్త అవతలికి జరిపి, మళ్ళీ బోల్టు బిగిస్తారు. దానికి దాలినాయుడు తన రూలు ఒకటి కలిపాడు. బిగించినవాడే ముందు కూర్చుని పైకి వెళ్ళి రావాలి, ఆ తర్వాతే జనం. ఆ రూలు మిగతా మెకానిక్కులకు నచ్చలేదు గానీ, వాళ్ళ బోల్టులు మాత్రం అప్పటినుంచి బాగా బిగిశాయి.

మరి అతడి సంగతేమిటంటే, నా మీద కూర్చున్నంతసేపూ తల పైకెత్తి నా పిడికిలి వైపే చూసేవాడు. గనిలో ఉండగా ఒకసారి తొట్టి ఒకటి పట్టు తప్పి, జారివచ్చి ముందుదాన్ని గుద్దింది. ఎవరికీ ఏమీ కాలేదు, దాన్ని బిగించింది ఇతడూ కాదు. అయినా ఆ చప్పుడు చెవిలో ఉండిపోయింది. భయపడకండని జనానికి ధైర్యం చెప్పి మరీ ఎక్కించే మనిషికి లోపల ఇంత భయముందని నాకు తప్ప ఎవరికీ తెలియదు.

ఆ గుట్టు బయటపెట్టింది అతడి భార్య నూకరత్నం. కొండమీంచి మంచు చూడాలని అంతదూరం నుంచి వచ్చింది. ఈవేళ గాలి ఎక్కువుందన్నాడు. మర్నాడు చక్రానికి గ్రీజు పెట్టాలన్నాడు. ఇంకో రోజు ఏ సాకూ దొరక్క ఆమెకు జలుబు చేసిందన్నాడు. ఆమె ముక్కు నిక్షేపంలా ఉంది.

"ఏటి మావా, ఊళ్ళోవోల పెళ్ళాలందర్నీ ఎక్కిస్తావు. నన్నెందుకెక్కించవు?" అని ఆమె నా పక్కనే నిలబడి నిలదీసింది.

"నీకేటైనా అయితే నానేటైపోవాలే?" అన్నాడు దాలినాయుడు.

"నీ చేతిపని మీద నీకే నమ్మకం నేకపోతే నానిక్కడుండీసి ఏటి సేస్తాను? రేపే రైలెక్కేస్తాను."

ఆమె ఉత్తినే అనలేదు. పెట్టె సర్దేసింది కూడా. అతడు నా బోల్టు ఇంకోసారి బిగించి, చేతులు తుడుచుకోవడానికి అటు తిరిగాడు. ఇటు తిరిగేసరికి ఆమె నా మీద కూర్చుని ఉంది.

"దిగొలే!"

"దిగను. ఎక్కితే నువ్వెక్కు."

మోటారు దగ్గర ఉండేవాడు నేగీ, అక్కడి కొండమనిషి. దాలినాయుడి దగ్గర నేర్చుకున్న తెలుగు అతడికి రెండే మాటలు, ఆపు, పోనీ. నూకరత్నం "పోనీ!" అని కేక వేసింది. నేగీ మీట నొక్కాడు. దాలినాయుడు పరుగెత్తుకొచ్చి, కొంగు సర్దుకుంటున్న ఆమె పక్కన దబ్బున కూలబడి, అడ్డకమ్మీ దించి, తల పైకెత్తేశాడు.

ఇంకా రెండో స్తంభం దాటలేదు, ఆమె వెనక్కి తిరిగి "ఆపు!" అని అరిచింది. గాలి లేని ఉదయం, కేక కిందికి చక్కగా వినబడింది. మేమంతా ఆగి ఊగాం. దాలినాయుడు అడ్డకమ్మీని గట్టిగా పట్టుకున్నాడు.

"ఏటైందే? జారిందేటి?"

"ఏటీ అవనేదు. నానే ఆపించాను." ఆమె అతడి గడ్డం పట్టుకుని కిందికి దించింది. "బోల్టెక్కడికీ పోదు గానీ, ముందు అటు సూడు."

చూశాడు. ఎదురుగా ఎండ పడిన శిఖరాలు, కింద తెల్లటి లోయ. అన్నేళ్ళుగా అక్కడే ఉన్నాయి, పాపం అతడే లేడు.

"ఓలమ్మ! ఇంత పెద్దదేటే ఇది?" అన్నాడు. కళ్ళు చెమర్చాయి. నాకూ సంతోషమైంది.

నూకరత్నం రైలెక్కలేదు. పైన క్యాంటీనులో వంటకు కుదిరి, రోజూ నా మీదే వచ్చిపోయేది. దాలినాయుడు పైకి చూడడం పూర్తిగా మానలేదు గానీ, మొదటి స్తంభం దాకా చూసి ఊరుకునేవాడు.

తర్వాత జనం లోపల కూర్చుని తాడు మీద పోయే అద్దాల డబ్బాలు వచ్చాయి, మాకు కాలం చెల్లింది. కొందరు పాతసామాన్ల కుప్పలో పడ్డారు, కొందరు హోటళ్ళ ముందు బెంచీలయ్యారు. దాలినాయుడు కూడా పని మానుకుని వెళ్తూ నన్నొక్కదాన్నీ అడిగి పుచ్చుకున్నాడు. అలా చోడవరంలో వాళ్ళ వీధరుగు మీది ఇనపదూలం కిందికి వచ్చిపడ్డాను.

కానీ చేతులెత్తి స్పానరు తిప్పీ తిప్పీ అతడి భుజం అరిగిపోయింది, చెయ్యి పైకి లేవదు. నన్ను దూలానికి బిగించడానికి స్టూలెక్కింది నూకరత్నమే. కింద నిలబడి అతడు సలహాలతో ఆమె ప్రాణం తోడేశాడు. ఆమె బోల్టు బిగించి దిగగానే అతడు అలవాటుగా కూర్చోబోయాడు.

"ఆగు మావా. బిగించినోల్లే ముందు కూకోవాల," అని ఆమె అడ్డం వచ్చింది.

తన రూలే. పక్కకు తప్పుకున్నాడు. ఆమె కూర్చుంది, ఊగింది, ఆ తర్వాత సగం చోటు వదిలింది. అతడు వచ్చి కూర్చుని హాయిగా వీధిలోకి చూస్తూ "పోనీ!" అన్నాడు.

నేను ఊగాను. నూకరత్నం వీధి వైపు చూడలేదు. తల పైకెత్తి, తాను బిగించిన బోల్టు వైపే చూస్తోంది.

"ఏటే పైకి సూస్తన్నావు?" అని అడిగాడు.

"నువ్వు కూకున్నావు గదా మావా," అంది.