అరకిలో పరీక్ష

నేను ఒక పోటీ పిస్తోలును. ఆట ముగిశాక నా ట్రిగ్గరుకు అరకిలో దిమ్మ తగిలించి పైకెత్తగానే, ఎవరూ వేలు పెట్టకుండానే నేను టప్పుమన్నాను, కాకినాడ షూటింగ్ రేంజిలో అందరూ ఉలిక్కిపడ్డారు.

ఉలిక్కిపడాల్సిన విషయమే. మా ఎయిర్ పిస్తోళ్ళ పోటీలో ట్రిగ్గరు అరకిలో బరువును మోసి కూడా పేలకూడదు. పేలిందంటే మరీ తేలిగ్గా ఉందని, అంటే మోసమని అర్థం. ముందురోజు ఇదే పరీక్షలో నెగ్గి ఒంటిమీద స్టిక్కరు వేయించుకున్నాను. ఈలోపు ఎవరో ట్రిగ్గరు బిగువు సర్దే నా మర తిప్పారు. ఎవరో నాకు తెలుసు. నోరుంది గాని, అది సీసపు గుళ్ళు ఉమ్మడానికే.

పుట్టింది జర్మనీలో. నన్ను చేసినవాళ్ళు నా పొట్టలో ఒక చిన్న ఉక్కు కొక్కెం పెట్టారు. వేలు నొక్కితే ముందు కొంత మెత్తగా కదులుతాను. తర్వాత గోడ అడ్డొచ్చినట్టు ఆగుతాను. అక్కణ్ణుంచి వెంట్రుకవాసి నొక్కితే కొక్కెం జారుతుంది, గాలి గుండును తోస్తుంది. ఆ వెంట్రుకవాసి దగ్గరే మనుషుల బండారం బయటపడుతుంది. ఎప్పుడు పేలుతుందో తనకే తెలియనంత నిదానంగా నొక్కినవాడి గుండు నల్లచుక్కలో పడుతుంది. ఇప్పుడు పేల్చేస్తానని గుంజినవాడిది గోడకు పోతుంది.

నా మొదటి యజమాని హైదరాబాదులో ప్లాట్లు అమ్మేవాడు. నాతో పేల్చింది తక్కువ, ఫొటోలు దిగింది ఎక్కువ. ఒకసారి మేడమీద గురిపెట్టి పక్కింటివాళ్ళ నీళ్ళ ట్యాంకుకు చిల్లు పొడిచాడు. ఆ తర్వాత గోల్ఫ్ మీద మనసు పోయింది. రెండోవాడు పళ్ళ డాక్టరు. సన్నని పనిముట్లు పట్టే చెయ్యి కదా, నిదానం ఉంటుందని సంబరపడ్డాను. పీకే అలవాటు ఎక్కడికి పోతుంది?

ఆయన దగ్గర నన్ను కొన్నది నాగదుర్గ. కాకినాడలో స్కూలు పిల్లలకు ఆటలు నేర్పే టీచరు. నా బతుకులో మొదటిసారి మర్యాద తెలిసిన వేలు తగిలింది. భర్తకు ఓడలో ఉద్యోగం, ఇంట్లో కంటే సముద్రం మీదే ఎక్కువ. అందుకని ఆమెను రేంజికి తీసుకొచ్చేది మామగారు సత్తిరాజు. ఆర్టీసీలో డ్రైవరుగా రిటైరైన ఈ పెద్దమనిషి వెనక కుర్చీలో వేరుశనక్కాయలు వలుచుకుంటూ ప్రతి గుండుకూ "అబ్బో" అంటాడు. గుండు ఎక్కడ పడినా సరే.

ఆ రోజు రాష్ట్ర జట్టుకు ఎంపిక. చివరి చోటు నాగదుర్గకు దక్కింది. వెంట్రుకవాసిలో వెనకబడ్డది ఆమె స్నేహితురాలు ప్రిస్కిల్లా. చప్పట్లు ఆగకముందే ఈ దిమ్మ పరీక్ష, నా టప్పు.

"స్టిక్కరు పడ్డాక మర తిప్పితే ఆట రద్దమ్మా," అన్నాడు జ్యూరీ పెద్ద సోమయాజులు.

"నేను తిప్పలేదండీ. ఆడుతుంటే తేలిగ్గానే అనిపించింది. ఇవాళ చెయ్యి కుదిరిందనుకున్నాను."

"మరెవరు తిప్పినట్టు? పొద్దున్న నీ పెట్టె దగ్గర ఎవరున్నారు?"

నాగదుర్గ చూపు ప్రిస్కిల్లా మీదికి పోయింది.

"ఏంటక్కా ఆ చూపు? పెట్టె చూస్తుండమన్నావ్, చూశాను. తెరవమన్నావా, తెరిచానా?"

"నేను పోతే ఆ చోటు నీదే కదే."

"అందుకే! ఇలా అందరికీ తెలిసిపోయేలా దొంగపని చెయ్యడానికి నాకేమన్నా పిచ్చా?"

నాగదుర్గ వెనక్కి తిరిగింది. "మావయ్యగారూ, ఇంట్లో దీన్నెవరన్నా ముట్టుకున్నారా?"

"లేదమ్మా," అన్నాడు సత్తిరాజు, వేరుశనక్కాయల పొట్లంలోకి చూస్తూ.

సోమయాజులు పెన్ను తీశాడు. "అయితే ప్రిస్కిల్లా మీద విచారణ. అది తేలేదాకా ఈ అమ్మాయికి పోటీల్లేవు."

ప్రిస్కిల్లా ఏడవలేదు. తన పిస్తోలును పెట్టెలో పెట్టి మూత వేసి తాళం పెట్టింది. నాగదుర్గ ఆమె వైపు ఒక అడుగు వేసి ఆగిపోయింది. వేరుశనక్కాయల పొట్లం కింద పడింది. సత్తిరాజు లేచి నిలబడ్డాడు.

"ఆ పిల్లని వదిలెయ్యండి బాబూ. తిప్పింది నేను. మా కోడలు రోజూ గోడకెదురుగా నిలబడి దీన్ని నొక్కుద్ది. నొసలు ముడిచి, ఊపిరి బిగబట్టి, ఎంతసేపటికీ పేలదు. అయ్యో, బిగుసుకుపోయిందేమో, పిల్ల చెప్పుకోలేకపోతోందేమో అనుకున్నాను. క్లచ్చు బిగుసుకుపోయిన బస్సు తోలితే కాలెంత పీకుద్దో నాకు తెలుసు కదండీ. పొద్దున్న తను స్నానానికెళ్తే, కళ్ళజోడు బిగించుకునే బుల్లి స్క్రూడ్రైవరెట్టి పావు చుట్టు వదులు చేశాను. అలా నిదానంగా నొక్కడమే ఆటని నాకెవరు చెప్పారు? ఇందాక అడిగితే లేదన్నాను, భయమేసి. నీ చోటు నేనే పోగొట్టానమ్మా దుర్గా. తిట్టు. అందరి ముందూ తిట్టు, పర్లేదు. అలా ఊరుకోకు."