వాసాల మీది దుమ్ము

నేను చెప్పింది తెలుగులోనే. నమిలి మింగలేదు కూడా. "గౌరీ, ఎల్లుండి కలకత్తా నుంచి డాక్టరుగారు వస్తున్నారు. మీ ఇంట్లో వాసాల మీది దుమ్ము చూస్తారు, కాస్త సీసాలో పట్టుకెళతారు" అన్నాను. గౌరీశ్వరి బుద్ధిగా తలూపింది. ఇంతకంటే ఎలా చెబుతారమ్మా ఎవరైనా?

రాయగడ స్టేషనుకు అవతల మాంగనీసు రాయిని పిండి కొట్టే మర ఉండేది. గౌరి మొగుడు గున్నయ్య గుణుపురం దగ్గర సాగు వదిలేసి అందులో కూలికి చేరాడు. కొన్నేళ్లకు మనిషి మొహం బిగుసుకుపోయింది. మాట గొణుగుడైంది. మునివేళ్ల మీద నడుస్తాడు, వెనక్కి తిరగబోతే దబ్బున పడతాడు. నవ్వకూడని చోట నవ్వుతాడు, ఆపుకోలేడు. బావమరిది శవం దగ్గర అలాగే నవ్వాడు. ఆ రోజు నుంచి గౌరి పుట్టింటివాళ్లు గడప తొక్కలేదు. మర మేనేజరైతే తాగుబోతని పనిలోంచి తీసేశాడు. సారా వాసనే గిట్టని మనిషిని!

నేను ఆస్పత్రిలో నర్సును. గౌరి నా దగ్గరికి వచ్చి ఒక్కటే అడిగింది.

"పుష్పమ్మగారూ, మా మావ తాగుబోతు కాదని ఆ డాట్రుబాబు సేత ఓ మాట సెప్పించండమ్మా. నాకింకేటీ వొద్దు."

ఆ డాక్టరు పరిశోధనే దాని మీద. మనిషి పెట్టిన మరలు గాలిలోకి ఎంత దుమ్ము ఎగదోస్తున్నాయి, అది ఎవరి ఊపిరితిత్తుల్లోకి పోతోంది అని. ఆయన రైలు దిగేసరికే మర ఆపేశారు. లోపలంతా నీళ్లు కొట్టి కడిగేశారు. "చూసుకోండి సార్, మా మర అద్దంలా ఉంది" అన్నాడు మేనేజరు. డాక్టరు నవ్వి బయటికి నడిచాడు. నాతో మాత్రం, "పర్లేదు. కూలీల ఇళ్లలో వాసాల మీద ఏళ్ల తరబడి పేరుకున్నది ఉంటుంది. దాన్ని ఎవరూ కడగలేరు" అన్నాడు.

మర పక్కనే ఉన్న కూలీల ఇళ్ల వరసకు, లైనుకు, వెళ్లాం. సందు మొదట్లోనే నాకు సంగతి తెలిసిపోయింది. కల్లాపి చల్లిన వాకిళ్లు. పేడతో అలికిన అరుగులు. ఇంటింటికీ కొత్త సున్నం, దాని కింద ఎర్రమట్టి పట్టీ. వాకిట్లో చాపంత ముగ్గులు. ఒక్క ఇల్లు తప్పలేదు. ఓరి దేవుడా, పెళ్లికి కూడా ఇంత చెయ్యరు!

గౌరి ఉతికిన చీర కట్టుకుని ఎదురొచ్చింది. చేతులు సున్నానికి పొక్కిపోయి ఉన్నాయి. డాక్టరు నిచ్చెన వేయించుకుని ఎక్కాడు. వాసాలు కడిగి తుడిచి ఉన్నాయి. అటక మీద కుండలు కూడా తోమి బోర్లించి ఉన్నాయి.

"ఏం పని చేశావే పిల్లా!" అని అరిచాను. "దుమ్ము చూస్తారని చెప్పానా లేదా?"

"సెప్పినారమ్మా" అంది, బిక్కమొహం వేసుకుని. "అందుకే కదేటి తుడిసీసినాం. పెద్దమనిసి అంత దూరం నుంచొచ్చి మా ఇంట్లో దుమ్ము సూస్తే, పరువేటుంటాది? ఈ లైనోళ్లు ఇల్లు ఊడుసుకోరు, అందుకే రోగాలొచ్చినాయి అనేస్తారు కదమ్మా. తాగుబోతన్నారు, సాలదా?"

నా కోపం ఎక్కడికో పోయింది.

డాక్టరు గున్నయ్యను నడిపించి చూశాడు, చేతులు పట్టి చూశాడు. "ఇది తాగుడు కాదు, ఆ రాతి దుమ్ము నరాలకెక్కింది, నాకు తెలుసు. కానీ నేను నోటితో చెబితే మర వాళ్లు ఒప్పుకోరు. రుజువుకు దుమ్ము కావాలి" అన్నాడు. నేను ఆ మాటలు తెలుగులో చెబుతుంటే గౌరి నా నోటికేసే చూస్తూ నిలబడింది. సాయంత్రం రైలుకు ఆయన వెళ్లిపోయాడు. మళ్లీ వస్తానన్నాడు. మర్నాడు మర మొదలైంది.

ఆ తర్వాత గౌరి చీపురు ముట్టలేదు. మందులివ్వడానికి వెళ్లినప్పుడల్లా మర దుమ్ముకు ఇల్లు మరింత నల్లబడి ఉండేది. వాసాలు, అటక, కుండలు, గున్నయ్య దుప్పటి, అన్నీ. మచ్చలేని ఇల్లాలు కాస్తా లైనులో దరిద్రపుదైంది. ఆమె కూతురు బుల్లి ఆ నేల మీదే పాకేది, నల్లటి వేళ్లు నోట్లో పెట్టుకునేది.

"ఊడ్చెయ్యవే, గుంటకేమైనా అయితే?" అని తిట్టాను.

"ఊడ్సేస్తే డాట్రుబాబుకేటి సూపించనమ్మా? ఈపాలి ముట్టను" అంది. బుల్లి వేళ్లు నా కొంగుతో తుడిచి వచ్చేశాను.

కార్తీకంలో మా పెద్ద డాక్టరమ్మ కటకం పెద్దాసుపత్రికి వెళ్లి వచ్చింది. సరైన నమూనాలు దొరకలేదని కలకత్తా డాక్టరుగారి పరిశోధన ఆపేశారని అక్కడ విందట. ఆయన్ను వేరే ఊరికి పంపేశారట. ఆ మాట నేనే మోసుకెళ్లాను. పక్కింటావిడ చేత చెప్పిద్దామా అనుకున్నాను గానీ, మనసొప్పలేదు.

గౌరి అంతా వింది. ఏడవలేదు, ఎవరినీ తిట్టలేదు. బుల్లిని ఎత్తి నా ఒళ్లో పెట్టింది. కొంగు ముక్కుకు కట్టుకుని చీపురు తీసింది. వాసాలు దులిపింది, అటక దులిపింది. మొగుణ్ని మెల్లగా లేపి దుప్పటి విదిలించింది. ఇంట్లో మనిషికి మనిషి కనబడనంత దుమ్ము లేచింది. బుల్లి దగ్గుతుంటే దాని మొహం నా భుజానికి అదుముకున్నాను.

చివరికి అంతా చేటలోకి ఎత్తి వాకిట్లోకి వచ్చింది. ఇటు చూస్తే పక్కింటి పిల్లలు ఆడుకుంటున్నారు. అటు చూస్తే లైనంతా నీళ్లు తోడుకునే నుయ్యి. చేట పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"దీన్నెక్కడ పారబొయ్యమంటారు పుష్పమ్మగారూ?" అంది.