మనం కట్టిన విమానం

“మనం కాస్త టీ పెట్టుకుందామా?” అంటాడు మా ఆయన. పెళ్ళైన కొత్తలో ఆ మాటకి మురిసిపోయేదాన్ని. ఇద్దరం కలిసి వంటింట్లోకి వెళ్తున్నాం కాబోలనుకుని వెనక్కి తిరిగి చూస్తే ఆయన కుర్చీలోనే ఉండేవాడు. ఈ ఇంటి వ్యాకరణం వంటబట్టడానికి నాకు ఏడాది పట్టింది. మా ఇంట్లో మనం అంటే నేను. మనం బట్టలు ఆరేసుకోవాలి, మనం అమ్మకి మందులివ్వాలి, మనం తలకి రంగేసుకుంటే బావుంటుంది. ఆ చివరి మాటకి మాత్రం నేను లొంగలేదు. రంగేసుకుందామంటే ఆయన తల మీద మిగిలిందీ తక్కువే.

విమానం కూడా అలాగే మొదలైంది. “ఈసారి పోటీకి మనం రెండు వరసల రెక్కలున్న పాతకాలం విమానం కడదాం,” అన్నాడు. నిజం విమానానికి అచ్చు నకలు, కానీ రెక్కల పొడవు మూరెడే. బటాణీ గింజంత మోటారు, చిక్కుడు గింజంత బ్యాటరీ, చేతిలో రిమోట్. ఆటల హాల్లో, గాలి కూడా చొరబడకుండా తలుపులన్నీ మూసి ఎగరేస్తారు. బరువు నలభై గ్రాములు దాటకూడదు. బరువెక్కితే వేగంగా పోవాలి, వేగంగా పోతే గోడ తొందరగా ఎదురొస్తుంది. ఆయన ఫొటోలు చూసి, సామాన్లు తెప్పించి, బొమ్మ విమానాల క్లబ్బులో అందరికీ చెప్పొచ్చాడు. అక్కడ ఆయన్ని కెప్టెన్ అంటారు. ఆ తర్వాత సామాన్ల పెట్టె నా ముందుకి జరిగింది. “నీ వేళ్ళు సన్నం కదా” అని ఒక మెప్పు కూడా దానితో పాటే.

నా వేళ్ళ సంగతి ఆయన కంటే మా డాక్టరుగారికి బాగా తెలుసు. పళ్ళాసుపత్రిలోనే, కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబులో నా ఉద్యోగం. మైనంతో పన్ను చెక్కి, పక్క పంటి రంగుకి సరిపోయేలా దిద్ది ఇస్తాను. డాక్టరుగారు దాన్ని పేషెంటు నోట్లో అమర్చి, అద్దం చూపించి, “చూశారా, నా చేతిపని” అంటారు. పక్కనే నిలబడి నేను చేతులు తుడుచుకుంటాను. కాబట్టి మూడు నెలలపాటు అగ్గిపుల్ల కంటే సన్నని పుల్లలకి సూదిమొనతో జిగురు పెట్టడం, ఉల్లిపొర లాంటి కాగితం రెక్కలకి ముడత పడకుండా అంటించడం నాకు కష్టమేం కాలేదు. రెండు రెక్కల మధ్య బిగించే తీగల దగ్గరే చిక్కొచ్చింది. దారం వేస్తే మోటుగా ఉంది, రాగి తీగ వేస్తే బరువు. ఒకరోజు తల దువ్వుకుంటుంటే దువ్వెనలో తెల్ల వెంట్రుక ఒకటి ఉక్కు తీగలా మెరిసింది. కంచం పక్కన వెంట్రుక కనిపిస్తే ఇల్లంతా ఏకం చేసే మా అత్తగారు గుర్తొచ్చి నవ్వొచ్చింది. నవ్వుకుంటూనే పద్దెనిమిది పోగుచేశాను.

ఇంకో సంగతి ఉంది. మేముండే ఇంటి పై అంతస్తు చాన్నాళ్ళుగా ఖాళీ. వారానికోసారి ఊడ్చిపెట్టమని ఇంటి ఓనరావిడ తాళం నాకిచ్చింది. అతికించాక విమానం సరిగ్గా ఎగురుతోందో లేదో చూడాలి కదా అని, ఆయన క్లబ్బుకి వెళ్ళిన ఒక సెలవు రోజు చీపురు ఒక చేత్తో, విమానం ఇంకో చేత్తో పట్టుకుని పైకెళ్ళాను. ఆ మధ్యాహ్నం గోడకి కొట్టి ముక్కు విరిచాను, సాయంత్రానికి మళ్ళీ అతికించాను. తర్వాతి వారం గది చుట్టూ ఒక చుట్టు తిరిగింది, ఆ పై వారం ఆరు. అప్పట్నుంచీ నాకు నిలకడ పోయింది. ల్యాబులో మైనం కరిగిస్తున్నా, అన్నం వారుస్తున్నా వేళ్ళు వాటంతటవే రిమోట్ పట్టుకున్నట్టు కదిలేవి. కాలుగాలిన పిల్లిలా తిరుగుతూ సెలవు రోజు కోసం ఎదురుచూసేదాన్ని. “ఖాళీ ఇల్లు ఊడవడానికి ఇంతసేపా?” అనేది అత్తగారు. ఆయనకి చెప్పలేదు. ఒకసారి రిమోట్ ముట్టుకుంటేనే “నీకెందుకు, విరగ్గొడతావ్” అన్నాడు. క్లబ్బువాళ్ళతో ఫోన్లో మాత్రం, “నా విమానం చెయ్యి వదిలినా తిన్నగా పోతుంది, అంతా డిజైన్‌లో ఉంది” అని చెప్పుకునేవాడు. అది వినడం సరదాగా ఉండేదని అబద్ధం చెప్పలేను. ఒళ్ళు మండేది.

పోటీ రోజు హాల్లో కూర్చుని ఆయన ఫారం నింపుతుంటే పక్కనుంచి చదివాను. నిర్మించినవారే ఎగరెయ్యాలని పైనే రాసి ఉంది. ‘నిర్మించినవారు’ అన్న చోట తన పేరు రాశాడు. కింద ‘సహాయకులు, వారు చేసిన సహాయం’ అని ఒక గడి. అందులో అడ్డగీత పెట్టాడు.

“గీత పెట్టేశారేం?” అన్నాను.

“అబ్బా, మనలో మనకి సాయమేమిటి?” అన్నాడు.

జడ్జి రిటైరైన డ్రాయింగ్ టీచరు. భూతద్దం పట్టుకుని రెక్కలన్నీ చూసి, తీగల దగ్గర ఆగిపోయింది. “ఎంత సన్నగా ఉన్నాయండీ! దారం కాదు, లోహమూ కాదు. దేంతో చేశారు?”

మా ఆయన నవ్వాడు. ఆ నవ్వుతోనే నా వైపు తిరిగి, ఇంట్లో కళ్ళజోడు ఎక్కడుందని అడిగే గొంతుతో, “మనం దేంతో చేశాం?” అన్నాడు.

టీచరు భూతద్దం దించింది. “మనం అంటే ఎవరండీ?”

ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. నేను కూడా అడగలేదు, అదే నా సిగ్గు. దారమండీ అంటే సరిపోయేది. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. ఆయన పరువు నిలబడేది, ఇంటికెళ్ళాక మనం టీ పెట్టుకునేవాళ్ళం. కానీ అవి నా వెంట్రుకలు. వాటిని దారం అనడానికి నోరు రాలేదు.

“నా తలవెంట్రుకలండీ. నెరిసినవి, పద్దెనిమిది.”

“ఛీ! వెంట్రుకలా?” అన్నాడు మా ఆయన. క్లబ్బువాళ్ళలో ఎవరో కిసుక్కున నవ్వారు.

“కట్టింది మీరేనా?” అంది టీచరు.

“నేనే.”

“అయితే ఎగరెయ్యాల్సింది కూడా మీరే. లేకపోతే ఈ విమానం పోటీలో ఉండదు. ఫారం సంగతి తర్వాత చూద్దాం.”

“ఆవిడకి రిమోట్ పట్టుకోవడం కూడా రాదండీ!” ఆయన మొహం కందగడ్డయింది. నేను చెయ్యి చాపాను. ఇవ్వడేమో అనుకున్నాను. అందరూ చూస్తున్నారు కాబట్టి ఇచ్చాడు.

విమానాన్ని నేల మీద పెట్టి మీట నొక్కాను. జానెడు దూరం పరిగెత్తి, తేలింది. పైగదిలో గోడలు దగ్గర, ఇక్కడ ఎంత దూరమో! అంత చోటు నాకు అలవాటు లేదు. మొదటి మలుపులో ముక్కు కిందకి వాలింది. ఎడమకి తిప్పినప్పుడల్లా వాలుతుందని నాకు తెలుసు, తోకని కాస్త పైకి పట్టాను. సర్దుకుంది. “మనం ఇంక దించేద్దాం, చాల్లే,” అని చెవి దగ్గర ఆయన గొణుగుడు. నేను దించలేదు. పోటీలో ఇచ్చే రెండు నిమిషాలూ తిప్పి, గంట కొట్టాకే దించాను. చక్రాలు నేలని తాకేసరికి నాకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు కూడా.

టీచరు కొత్త ఫారం ఇచ్చింది. నిర్మించినవారు అన్న చోట నా పేరు రాశాను. ఎగరేసినవారు అన్న చోటా అదే. ఆయన వచ్చి పక్కన నిలబడి, పళ్ళ బిగువున, “ఇంటికెళ్ళాక మనం మాట్లాడుకోవాలి” అన్నాడు. ఆయన నోట విన్న మనంలో ఆయన కూడా ఉన్నది ఇదే మొదటిసారి.

“అలాగే మాట్లాడుకుందాం,” అన్నాను పెన్ను కింది గడి మీద ఆపి. “ముందు ఇది చెప్పండి. సహాయకుల్లో మీ పేరు రాయనా? ఏం సాయం చేశారో కూడా రాయాలట.”